సోమవారం రాత్రి పన్నెండుంపావు

ముప్పై రెండేళ్ళు సత్తెనపల్లిలో టిక్కెట్లు రాశాను. మొదట్లో రైళ్ళు, బస్సులు. తర్వాత ఎక్కువగా విమానాలు. కిందటేడాది కొట్టు మూసేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "అన్నీ ఫోన్లోనే కనపడుతుంటే ఇక మన అవసరం ఎవరికి ఉంటుందండీ?" అని అడుగుతుంటారు. కనపడటం వేరు, చూడటం వేరు అని ఒక మాటలో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ టిక్కెట్టు మీద కనపడుతున్నదాన్ని నేనే చూడని సందర్భం ఒకటుంది. అది దాచిపెట్టి మిగతా సలహాలు ఎన్ని చెప్పినా అబద్ధమే అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

లారీ లెక్క

మా వైపు మనుషులు విమానం టిక్కెట్టుకి వస్తే ముందు అడిగేది దూరం. ఈ ఎయిర్‌పోర్టు నుంచి ఆ ఎయిర్‌పోర్టుకి ఎన్ని కిలోమీటర్లు? ఎందుకంటే మా ప్రాంతంలో అందరికీ లారీ లెక్క తెలుసు. గుంటూరు యార్డులో మిర్చి ఎక్కించిన లారీ ఢిల్లీకి ఎప్పుడు చేరుతుందో టీ కొట్టువాడు కూడా చెప్పగలడు. దూరం తెలిస్తే, వేగంతో భాగిస్తే సరిపోతుందని నమ్మకం.

కోటేశ్వరరావు గారని మిర్చి వ్యాపారి ఒకాయన ఉండేవారు. జకార్తాలో సరుకు కొనేవాణ్ణి కలవడానికి బయల్దేరారు. హైదరాబాదు నుంచి ఎంత దూరమని అడిగితే సుమారు నాలుగు వేల కిలోమీటర్లుంటుందని చెప్పాను. విమానం గంటకి ఎనిమిది వందలు పోతుందని ఆయనకి ఎవరో చెప్పారు. ఐదు గంటల్లో దిగుతానని అక్కడివాడికి కబురు పెట్టేశారు. మధ్యలో సింగపూర్లో ఎనిమిది గంటలు కూర్చోవాలని నేను చెబుతూనే ఉన్నాను, ఆయన చెవికి ఎక్కలేదు.

తిరిగొచ్చాక కొట్టుకొచ్చి అరిచారు. "విమానానికి ఆగటం ఏందయ్యా? అది కూడా దాబా దగ్గర టీ తాగుద్దా?"

పాపం అక్కడివాడు మధ్యాహ్నం దాకా ఎయిర్‌పోర్టులో నిలబడి విసిగి వెళ్ళిపోయాడట. కోటేశ్వరరావు గారి ఇంటి నుంచి లెక్కేస్తే ప్రయాణం పంతొమ్మిది గంటలు పట్టింది. అందులో గాల్లో ఉన్నది ఐదు గంటలకి అటూ ఇటూ. దూరం లెక్క తప్పు కాదు. అది ఎవరికీ పనికిరాని లెక్క, అంతే.

నాకు పని నేర్పినాయన

నేను పని నేర్చుకున్నది గుంటూరులో రంగారావు గారి దగ్గర. లావుపాటి మనిషి, కోపిష్టి. టిక్కెట్టు రాసే ముందు నన్ను కళ్ళు మూసుకోమనేవారు. ప్రయాణికుడు ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి అవతలి గడప తొక్కేదాకా ఏ గంటకి ఎక్కడుంటాడో, ఎక్కడ తింటాడో, ఎక్కడ కునుకు తీస్తాడో గడగడా చెప్పాలి. ఎక్కడైనా తడబడితే చేతిలో ఉన్న స్కేలు బల్ల మీద పడేది.

"ఒరేయ్, నువ్వు అమ్మేది సీటు కాదురా. వాడి రోజు. ఏ ముక్క ఎక్కడ పోతుందో ముందే చెప్పి పంపు" అనేవారు.

ఇంతకన్నా మంచి పాఠం ఈ పనిలో నాకు ఎవరూ చెప్పలేదు. కొత్తవాళ్ళు ఇప్పటికీ ఆ పద్ధతి పాటించవచ్చు.

ఆయన నేర్పింది ఇంకోటి కూడా ఉంది. పొరపాటు జరిగితే ప్రయాణికుడి ముందు ఎప్పుడూ ఒప్పుకోకూడదు. పొగమంచు అను, కంపెనీవాళ్ళు అను, మీరే సరిగ్గా వినలేదు అను. ఏదీ కుదరకపోతే ఊరుకో, వాళ్ళే ఏదో ఒక కారణం వెతుక్కుంటారు. ఒప్పుకున్న రోజున కొట్టు మూసుకోవాలని ఆయన సిద్ధాంతం. ఇరవై రెండేళ్ళ వయసులో నాకు అది తెలివితేటల్లా కనపడింది. ఆ రెండు పాఠాల్నీ కలిపి మింగేశాను. రెండోది ఎంత చెడ్డదో తెలియడానికి నాకు దాదాపు పాతికేళ్ళు పట్టింది.

కరుణ ప్రయాణం

సత్తెనపల్లికి పది కిలోమీటర్ల లోపు ఊరు. దావీదు, శాంతమ్మ మొగుడూ పెళ్ళాలు. పత్తి తీతలకీ మిరప కోతలకీ కూలికి వెళ్ళేవాళ్ళు. ఒక్కతే కూతురు కరుణ. నర్సింగ్ చదివి గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేసేది. న్యూజిలాండులోని ఆక్లాండ్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఒక సంస్థలో ఆమెకి ఉద్యోగం వచ్చింది. దానికోసం ఆ పిల్ల రెండుసార్లు ఇంగ్లీషు పరీక్ష తప్పి మూడోసారి గట్టెక్కింది. వాళ్ళ ఊళ్ళో నుంచి అంత దూరం వెళ్ళేవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.

వీసా మీద ఒక షరతు ఉంది. ఇరవై నాలుగో తేదీ, సోమవారం ముగిసేలోగా ఆ దేశంలో అడుగుపెట్టాలి. ఆ రోజు దాటితే వీసా చెల్లదు. గుంటూరు ఆసుపత్రివాళ్ళు ఆమెని శుక్రవారం దాకా వదల్లేదు. శనివారం విమానం ఒకటుంది, ఆదివారం ఒకటుంది. రెండూ చెప్పాను.

"శనివారం వెళ్తే తీరిగ్గా చేరుతుందమ్మా" అన్నాను.

శాంతమ్మ ఒప్పుకోలేదు. "ఆదివారం ప్రార్థన చేపించుకోకుండా ఎట్టా పంపుతామండీ? పక్కనున్న నర్సారావుపేటలో చదువుకి పంపినా మా సంఘంలో నిలబెట్టి ప్రార్థన చేసే పంపుతారు. సముద్రాలు దాటి పోయేదాన్ని ఊరికే పంపుతామా?"

అది వాళ్ళ ఆనవాయితీ. ఊరు దాటి దూరం వెళ్ళేవాళ్ళని ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబెడతారు. పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. సంఘం మొత్తం లేచి నిలబడి ఒక పాట పాడుతుంది. ఆ పాట అయ్యాక వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడవాలి.

ఆదివారం విమానం చూశాను. హైదరాబాదులో రాత్రి పదకొండు గంటలకి బయల్దేరుతుంది. సింగపూర్లో తెల్లవారుజామున దిగి, మూడు గంటలాగి, ఇంకో విమానం. మా గడియారాలకీ ఆక్లాండ్ గడియారాలకీ అప్పట్లో ఏడున్నర గంటల తేడా. అవన్నీ కలుపుకుని అక్కడి టైము ప్రకారం దిగేది పన్నెండుంపావుకి.

"సోమవారం రాత్రి పన్నెండుంపావుకి దిగుతావమ్మా. సోమవారమే కాబట్టి ఇబ్బంది లేదు" అని చెప్పాను.

కరుణ తల ఊపింది. దావీదు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "సోమవారం రాత్రికి. సరిపోద్ది" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్ళలో ఒక్కరికీ అందులో తేడా కనపడలేదు.

మనకి రోజు తెల్లారితే మారుతుంది. సోమవారం రాత్రి పన్నెండున్నరకి పిల్లవాడు పుట్టాడంటే వాడు సోమవారం పుట్టినట్టే. పంచాంగం చూసేవాళ్ళకీ, చర్చికి వెళ్ళేవాళ్ళకీ, ఎవరికైనా మా దగ్గర ఇంతే. రాత్రంతా ముందు రోజు ఖాతాలోకే పోతుంది. విమానానికీ వీసాకీ మాత్రం పన్నెండు కొట్టగానే రోజు మారిపోతుంది. ఈ సంగతి నాకు తెలియదా? బాగా తెలుసు. పన్నెండుంపావు రైలుకి ఒక రోజు ఆలస్యంగా స్టేషనుకి వెళ్ళి లబోదిబోమన్నవాళ్ళని ఎంతమందిని చూశానో! బయల్దేరే వేళ అలా ఉంటే తేదీ కింద రెండు గీతలు గీసి, మూడుసార్లు చెప్పించుకుని పంపేవాణ్ణి.

కానీ దిగే వేళ విషయంలో నాకు ఆ జాగ్రత్త లేదు. బయల్దేరే వేళ తప్పితే బండి పోతుంది. దిగే వేళ తప్పితే ఏం పోతుంది, తీసుకెళ్ళడానికి వచ్చినవాడు కాసేపు నిలబడతాడు, అంతే కదా అనుకునేవాణ్ణి. టిక్కెట్టు మీద దిగే వేళ పక్కన ఇరవై ఐదు అని అచ్చు పడే ఉంది. నా చేత్తోనే తీసి, మడిచి, కవర్లో పెట్టి ఇచ్చాను.

మిగిలిపోయిన సోమవారం

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పాట పాడి పంపారు. పిడుగురాళ్ళ మీదుగా కారులో వెళ్ళారు. సాయంత్రం ఏడున్నరకి నేను భోజనానికి కూర్చుంటుంటే కరుణ ఫోన్ చేసింది.

"సార్, ఎక్కనివ్వట్లేదు. మంగళవారం దిగుతానంటన్నారు. వీసా సోమవారం దాకేనంట."

"సోమవారం రాత్రే కదమ్మా దిగేది! సరిగ్గా చూడమను" అన్నాను. అప్పుడు కూడా ఆ మాటే అన్నాను.

కౌంటరులో ఉన్న అమ్మాయి ఫోన్ తీసుకుంది. చాలా మర్యాదగా మాట్లాడింది. "సార్, పన్నెండుంపావంటే ఇరవై ఐదో తేదీ. మంగళవారం. పదిహేను నిమిషాలు దాటిపోతున్నారు. మేము ఎక్కించినా అక్కడ దించుకోరు సార్."

చెయ్యి కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆక్లాండ్‌లో అప్పటికి సోమవారం తెల్లవారుజామున మూడు గంటలు. వాళ్ళ సోమవారం ఇంకా ఇరవై ఒక్క గంటలు మిగిలే ఉంది. మాకు ఇంకా ఆదివారమే. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం పన్నెండు వేల కిలోమీటర్లకి కాస్త తక్కువ. లారీ లెక్క వేస్తే పదిహేను గంటల్లో చేరిపోవాలి. కౌలాలంపూర్ మీదుగా చూశాను, బ్యాంకాక్ మీదుగా చూశాను, బెంగుళూరుకి పరిగెత్తిస్తే కుదురుతుందేమోనని చూశాను. చెన్నై నుంచి పనికొచ్చేది ఒకటుంటే అది అప్పటికే తలుపులు మూసేసింది. మిగతావన్నీ మంగళవారం పొద్దున దిగేవే. ఆ రోజు ఒకే పేరు మూడుసార్లు తప్పు కొట్టాను.

వాళ్ళు అక్కణ్ణుంచి అదే కారులో వెనక్కి వచ్చేశారు. మళ్ళీ వీసాకి పెట్టుకోవాలంటే నెలలు పడుతుందన్నారు. అక్కడి సంస్థ అన్నాళ్ళు ఆగలేదు, ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేసింది.

కల్లంలో కుర్చీ

మంగళవారం పొద్దున వాళ్ళ ఊరు వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వెళ్ళాను. దావీదు, శాంతమ్మ ఒక రైతు కల్లంలో ఎండబెట్టిన మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కరుణ కూడా ముఖానికి గుడ్డ కట్టుకుని పక్కనే కూర్చుని ఏరుతోంది. ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. శాంతమ్మ లేచి ఎక్కడి నుంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది, మంచినీళ్ళిచ్చింది.

నేను నోరు తెరవకముందే తనే మొదలుపెట్టింది. "మీరు బాధపడబాకండి. మీరు శనివారమే పొమ్మన్నారు. మేమే ఆదివారం ఆదివారమని పట్టుబట్టాం. ప్రార్థన కోసం ఆపబట్టే ఇట్టా అయింది."

పాస్టరు గారు కూడా అదే మాట అన్నారట. తనే శనివారం పంపించమని చెప్పాల్సిందని ఆయన తల పట్టుకు కూర్చున్నారట.

రంగారావు గారు చెప్పినట్టే, వాళ్ళే ఒక కారణం వెతుక్కున్నారు. అందులో కొంత నిజం కూడా ఉంది. శనివారం వెళ్తే చేరేదే. కానీ ఆదివారం వెళ్తే చేరదని నేను చెప్పి ఉంటే వాళ్ళు శనివారమే పంపేవాళ్ళు. ప్రార్థన ఇంట్లోనైనా చేయించేవాళ్ళు. ఆదివారమైనా ఇబ్బంది లేదని చెప్పినవాణ్ణి నేను. ఇదంతా నా నాలుక చివర దాకా వచ్చింది.

"ఏం చేస్తామమ్మా, అలా రాసిపెట్టి ఉంది" అన్నాను.

కరుణ తలెత్తి ఒకసారి నా వైపు చూసింది. కౌంటరులో మాట్లాడింది తనే కాబట్టి తప్పెవరిదో తనకి తెలుసు. తల వంచుకుని మళ్ళీ కాయలు ఏరసాగింది. నేను నీళ్ళు తాగి, కుర్చీ తీసి పక్కన పెట్టి వచ్చేశాను. ముప్పై రెండేళ్ళలో నేను చేసిన నీచమైన పని ఏదంటే ఆ తప్పు టిక్కెట్టు కాదు. ఆ ఒక్క మాట.

ఒప్పుకోలు

మే నెలలో అదే ఊరి నుంచి యోహాను అనే తాపీమేస్త్రీ మస్కట్ టిక్కెట్టుకి వచ్చాడు. గురువారం కావాలన్నాడు.

"ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్ళవా?" అని అలవాటుగా అడిగాను.

"మా సంఘంలో ఇప్పుడు అది ఎత్తేశారండీ. కరుణకి అట్టా అయ్యాక పాస్టరు అయ్యగారే వద్దన్నారు. ఎవరి వీలుని బట్టి వాళ్ళు పోతన్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా చేసుకుంటున్న పని నా మూలంగా ఆగిపోయింది. అది కూడా నేను చేసిన తప్పు వల్ల కాదు, చేశానని చెప్పకపోవడం వల్ల.

ఆ ఆదివారం వాళ్ళ చర్చికి వెళ్ళాను. నేను వాళ్ళ మతంవాణ్ణి కాదు. చెప్పులు విడిచి వెనకాల చాప మీద కూర్చున్నాను. ఆరాధన అయ్యాక పాస్టరు గారి అనుమతి అడిగి ముందుకెళ్ళి నిలబడ్డాను. పన్నెండుంపావు సంగతి, తేదీ సంగతి, కల్లంలో నేను దాచిన సంగతి వరసగా చెప్పాను. ఆదివారం ప్రార్థనకీ విమానం తప్పిపోవడానికీ సంబంధం లేదని, తప్పు మొత్తం నాదేనని చెప్పాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. అంత చిన్న పనికి మూడు నెలలు తీసుకున్నాను.

ముందు దావీదు లేచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "మూణ్ణెల్లా? మూణ్ణెల్లు నోట్లో పెట్టుకుని కూర్చున్నావా? మేం తెచ్చి ఏసిన కుర్చీలో కూర్చుని, మా నీళ్ళు తాగి?" పక్కవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

కరుణ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మరుసటి ఏడాది ఆమె వేరే సంస్థలో ఉద్యోగం తెచ్చుకుని అదే దేశానికి వెళ్ళింది. టిక్కెట్టు గుంటూరులో ఇంకెవరి దగ్గరో తీసుకుంది. సరైన పని చేసింది. నేను కొట్టు మూసేదాకా ఏ టిక్కెట్టు మీదైనా దిగే వేళ తేదీకి కూడా రెండు గీతలు గీసేవాణ్ణి. కొత్తవాళ్ళు కూడా గీయండి. ఒప్పుకుంటే కొట్టు మూసుకోవాలన్న మాట మాత్రం నమ్మకండి. ఆ ఊరివాళ్ళు ఆ తర్వాత కూడా నా దగ్గరికి వచ్చారు.

ఆ ఆదివారం నేను బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే శాంతమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది కూడా. ఆమె గొంతు పెంచలేదు.

"టిక్కెట్టు తప్పు రాశారు, సరేనండీ. మనుషులన్నాక తప్పులు చేస్తారు" అంది. "నా బిడ్డకి నేనే అడ్డం పడ్డాననుకున్నా. ఆ రోజు నుంచి నేను ప్రార్థన మానేశానండీ. మోకాళ్ళేస్తే మాట వచ్చేది కాదు. ఏమని అడగను? నీకోసం ఆపితే ఇట్టా చేశావేంది అని ఆ ప్రభువుని నిష్ఠూరమాడేదాన్ని. ఇప్పుడు పోయి ఆయనకి ఏమని చెప్పుకోను?"

ఆమె కొంగు తల మీదికి లాక్కుని, ఖాళీ అయిపోతున్న చర్చిలోకి ఒక్కతే వెళ్ళింది.